ట్రంకు పెట్టె దించిన తర్వాత

ఎమ్మెల్యేలూ ఎంపీలూ ఏడాది తిరిగేసరికి పంచే ప్రగతి నివేదికల్లో మాజీ సైనికులు సాధారణంగా రెండు చోట్ల కనబడతారు. ఆగస్టు 15న శాలువా కప్పించుకుంటున్న ఫొటోలో ఒకసారి, అమరుడైన జవాను ఇంటికి చెక్కు తీసుకెళ్ళిన వార్తలో మరోసారి. ఆ రెండు ఫొటోల నడుమ ముప్పై నలభై ఏళ్ళ బతుకు ఉంది. నలభయ్యో ఏట పెన్షన్ మీద ఊరికొచ్చి, తెల్లరంగుతో పేరూ నంబరూ రాసిన నల్ల ట్రంకు పెట్టెను అటక ఎక్కించి, కొన్నాళ్ళకు నిద్ర పట్టక అర్ధరాత్రి వీధి అరుగు మీదకొచ్చి కూర్చునే మనిషి ఆ నివేదికల్లో ఏ పేజీలోనూ ఉండడు. ఆయన మనసు సంగతి ఎవరు చూస్తారని అడిగితే పథకాల పేర్లు బోలెడు వినిపిస్తాయి. డబ్బు లేదనడానికీ లేదు. కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేటల వైపు నుంచి ఆ పథకాలను ఒక్కొక్కటే విప్పి చూస్తే మాత్రం ఒక విచిత్రం బయటపడుతుంది. గది కట్టడానికి నిధి ఉంది, కార్పొరేట్ ఆస్పత్రి బిల్లు చెల్లించడానికి నిధి ఉంది, ఆ గదిలో కూర్చుని ముప్పావుగంట ఎదుటివాడి మాట వినే మనిషికి నెలనెలా జీతమిచ్చే పద్దు మాత్రం ఎక్కడా నిలకడగా లేదు. ప్రజాప్రతినిధుల పని ఇక్కడే మొదలవ్వాలని నా వాదన.

మాజీ సైనికుడు అనగానే తెల్లమీసాల తాతయ్య గుర్తొస్తాడు గానీ లెక్క వేరుగా ఉంటుంది. దేశంలో ఏటా దాదాపు 60 వేల మంది సైన్యం నుంచి రిటైరవుతారు, వాళ్ళలో ఎక్కువమంది వయసు 35, 45 ఏళ్ళ మధ్యే. అంటే మిగతా ఉద్యోగాల్లో ప్రమోషన్లు మొదలయ్యే వయసులో వీళ్ళు సామాను సర్దుకుంటారు. పిల్లలు ఇంకా హైస్కూల్లో ఉంటారు, ఇంటి అప్పు సగంలో ఉంటుంది. ఊళ్ళో దొరికే పని బ్యాంకు దగ్గర గార్డుగానో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీగానో, లేదంటే రొయ్యల చెరువు మీద కాపలాగానో ఉంటుంది. ఇరవై మంది జవాన్లను నడిపిన హవల్దారు చెరువు గట్టు మీద ఏరియేటర్ల చప్పుడు వింటూ రాత్రంతా ఒంటరిగా కూర్చోవడం చిన్న మార్పు కాదు. గోదావరి జిల్లాలకు సైన్యం కొత్తదేమీ కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి మనుషుల్ని పంపుతూ మిలిటరీ మాధవరం అనే పేరు తెచ్చుకుంది. అక్కడ ఇంటికొక్కరైనా సైన్యంలో చేసినవారున్నారని చెప్పుకుంటారు. అలాంటి ఊళ్ళో రిటైరైన మనిషికి సాయంత్రం రావిచెట్టు కింద తనలాంటివాళ్ళు నలుగురు దొరుకుతారు. కోనసీమలో మాజీ సైనికులు అంత గుంపుగా ఉన్న ఊళ్ళు తక్కువ. లంకల్లో, కాలవ గట్ల మీద, కొబ్బరితోటల మధ్య ఒక్కొక్కరుగా చెదిరి ఉంటారు. మిలిటరీ ఆయన అని ఊరంతా పిలుస్తుంది, ఆయన చూసింది పంచుకోవడానికి ఊళ్ళో రెండో మిలిటరీ ఆయన ఉండడు.

మనసు బాగోలేదని చెప్పకపోవడం ఆయనకు ఊరు నేర్పిన అలవాటు మాత్రమే కాదు, ఉద్యోగం నేర్పింది కూడా. సైన్యంలో ఆరోగ్యానికి షేప్ అనే కొలత ఉంది. అందులో ఒక్కో ఇంగ్లీషు అక్షరం ఒక్కో అంశానికి గుర్తు. మొదటి అక్షరం ఎస్, అది మానసిక స్థితిది. అందులో తగ్గితే లో మెడికల్ కేటగిరీ, దాంతో ప్రమోషన్ చిక్కులో పడుతుంది, మంచి పోస్టింగ్ పోతుంది. జవానును మానసిక వైద్యుడి దగ్గరకు పంపేటప్పుడు కమాండింగ్ ఆఫీసరు ఒక ఫారం నింపాలి. ఏఎఫ్ఎంఎస్ఎఫ్-10 అంటే సైన్యంలో చేసినవారికి చెప్పక్కర్లేదు. యూనిట్లో మనిషి ఎలా ఉంటున్నాడు, డ్యూటీ ఎలా చేస్తున్నాడు, తాగుతాడా అని అందులో పై అధికారి రాస్తాడు. వైద్యానికి అది పనికొచ్చే సమాచారమే. అయితే తన దిగులు ముందు తన అధికారి కాగితం మీదకెక్కి, ఆ తర్వాతే డాక్టరు చెవిలో పడుతుందని తెలిసిన మనిషి నోరు విప్పుతాడా? పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు దాచడం అలవాటైనవాడు ఇంటికొచ్చి గేటు వేసుకున్నాక ఒక్కసారిగా మనసు విప్పుతాడనుకోలేం. దాచడానికి మూల్యమూ ఉంది. 2022 ఆగస్టులో రక్షణ శాఖ రాజ్యసభకు ఇచ్చిన జవాబు ప్రకారం అంతకు ముందు ఐదేళ్ళలో త్రివిధ దళాల్లో 819 మంది ఆత్మహత్య చేసుకున్నారు. సైన్యంలో 642, వైమానిక దళంలో 148, నౌకాదళంలో 29. ఇవి యూనిఫాంలో ఉన్నవారి లెక్కలు. రిటైరైన మర్నాటి నుంచి ఆ లెక్క ఆగిపోతుంది.

లెక్క లేకపోవడం చిన్న లోపంగా కనిపిస్తుంది. అసలు కథంతా దాని చుట్టూనే ఉంది. అమెరికాలో మాజీ సైనికుల శాఖ ప్రతి ఏడూ ఆత్మహత్యల నివేదిక విడుదల చేస్తుంది, 2022లో 6,407 మంది మాజీ సైనికులు ప్రాణాలు తీసుకున్నారని అది చెప్పింది. ఆస్ట్రేలియా 2021లో రాయల్ కమిషన్ వేసి, 1997 నుంచి 2021 దాకా కనీసం 1,677 మంది సైనికులు, మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారని తేల్చింది, 2024 సెప్టెంబరులో తుది నివేదిక ఇచ్చింది. ఆ దేశాలు మనకన్నా మంచివని చెప్పడానికి ఈ అంకెలు కావు. సిగ్గుపడాల్సిన అంకెను అచ్చువేయించడం వల్ల అక్కడి చట్టసభల్లో నిధుల చర్చకు ఆధారం దొరికింది, అంతవరకే. మన జాతీయ నేర గణాంకాల సంస్థ ఆత్మహత్యల పట్టికలో రిటైరైనవారు అని ఒక గడి ఉంటుంది. అందులో రిటైరైన తహసీల్దారూ, బడిపంతులూ, సుబేదారూ అందరూ కలిసిపోతారు. నలభయ్యేళ్ళకు పెన్షన్ వచ్చి సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నవాడు ఆ గడిలోకైనా వస్తాడో, ప్రైవేటు ఉద్యోగి గడిలోకి పోతాడో చెప్పలేం. ఇక నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందనీ, వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదనీ చెప్పింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. అంటే మనం మాట్లాడుకుంటున్న మనిషి సైనికుడిగానూ లెక్కకు రాలేదు, ఆంధ్రుడిగానూ రాలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. మన జవాన్లలో యుద్ధ భయం వెంటాడే జబ్బు, అంటే పీటీఎస్‌డీ, పాశ్చాత్య సైన్యాలంత ఉండదనీ, రెజిమెంటు కట్టుబాటూ ఉమ్మడి కుటుంబమూ వాళ్ళను కాపాడతాయనీ సైనిక వైద్య వర్గాల్లో చాలాకాలంగా ఒక వాదన ఉంది. అందులో నిజం లేదనలేం. కలిసి తిని, కలిసి పడుకుని, ఒకే నినాదం పలికే పటాలం మనిషికి పెద్ద ఊతం. కానీ ఆ వాదనను చివరిదాకా నడిపిస్తే అది మనవైపే తిరుగుతుంది. కాపాడేది రెజిమెంటే అయితే, రెజిమెంటు పోయిన రోజున కాపలా కూడా పోయినట్టే కదా. ఉమ్మడి కుటుంబం సంగతి కోనసీమలో ఎవరికి తెలియదు? ఇంట్లో ఒకరు కువైట్లోనో మస్కట్లోనో, ఇంకొకరు హైదరాబాద్లోనో ఉంటారు. పైగా మన దగ్గర బాధ ఆ పేరుతో రాదు. నరాల బలహీనత అంటారు, గుండెదడ అంటారు, మెడనొప్పి తగ్గట్లేదంటారు, చీటికీ మాటికీ కోపం వస్తోందని ఇంటావిడ చెబుతుంది. ముందు ఆర్‌ఎంపీ దగ్గర నిద్రమాత్ర, తర్వాత నరాల డాక్టరు, మధ్యలో గాలో ధూళో సోకిందని తాయెత్తు. పీటీఎస్‌డీ గడిలో టిక్కు పెట్టే ప్రశ్నపత్రానికి ఇవేవీ అందవు. తాగుడైతే అసలు జబ్బు కిందికే రాదు. ఈ విషయంలో ప్రభుత్వ ఏర్పాటు చూస్తే నవ్వొస్తుంది. క్యాంటీన్లో మాజీ సైనికుడికి ప్రతినెలా మద్యం కోటా ఉంది. మిలిటరీ రమ్ము అంటే చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో గిరాకీ. రమ్ముకు నెలవారీ కోటా పెట్టగలిగిన వ్యవస్థ మానసిక సలహాదారుడికి ఆరునెలల కోటా కూడా పెట్టలేదు.

జబ్బు పేరు కాగితం మీద పడటానికీ డబ్బుకూ ఇంకో ముడి ఉంది. సైన్యం నుంచి మానసిక వ్యాధితో బయటికి పంపేసినప్పుడు ఆ వ్యాధి సర్వీసు వల్ల వచ్చిందనో, ముదిరిందనో మెడికల్ బోర్డు ఒప్పుకుంటేనే వైకల్య పెన్షన్. ఇది నీకు పుట్టుకతో ఉన్న లక్షణం అని బోర్డు ఒక్క వాక్యం రాస్తే అంతటితో సరి. సుప్రీంకోర్టు 2013లో ఒక స్కిజోఫ్రేనియా కేసులో బోర్డు అభిప్రాయాన్ని గుడ్డిగా అంగీకరించనక్కర్లేదంది, మళ్ళీ పరీక్షించమంది. చేరేటప్పుడు ఏ జబ్బూ నమోదు కాని జవానుకు సర్వీసులో వచ్చిన జబ్బును సర్వీసుదిగానే ఊహించాలని అదే ఏడాది మరో తీర్పులో చెప్పింది. 2019లో ఇంకో స్కిజోఫ్రేనియా కేసులో తీర్పు జవానుకు వ్యతిరేకంగా వచ్చింది. 2025 మేలో మళ్ళీ, కారణాలు రాయని బోర్డు నివేదిక చెల్లదంటూ పెన్షన్ ఇమ్మంది. న్యాయం ఇలా అటూ ఇటూ ఊగుతుంటే సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచి దాకా వెళ్ళగలిగే మాజీ సిపాయి చేతిలో ఉండాల్సింది ఏమిటి? ఫలానా నెల నుంచి ఫలానా మందులు వాడాడు, ఫలానా లక్షణాలున్నాయి అని వరసగా నమోదైన వైద్య చరిత్ర. ఊరి దగ్గర మానసిక వైద్యం లేకపోతే పోయేది వైద్యం ఒక్కటే అనుకుంటాం, హక్కుకు కావాల్సిన సాక్ష్యం కూడా పోతుంది.

ఇక డబ్బు దగ్గరకు వద్దాం. 2003 ఏప్రిల్ 1న మొదలైన మాజీ సైనికుల ఆరోగ్య పథకం, అందరూ పిలిచే పేరుతో ఈసీహెచ్ఎస్, పేద పథకమేమీ కాదు. 2024-25 బడ్జెట్లో దానికి 6,968 కోట్లు ఇచ్చారు, 2025-26లో అది 8,317 కోట్లకు పెరిగింది. లబ్ధిదారులు 60 లక్షలకు పైనే, కాబట్టి తలకు ఏటా దాదాపు 13 వేల రూపాయలు. ఇది దానం కూడా కాదు. సిపాయి నుంచి హవల్దారు దాకా ఒకేసారి 30 వేలు కట్టి ఇందులో చేరతారు, 1996కు ముందు రిటైరైనవారికి మినహాయింపు ఉంది. మరి ఇంత డబ్బు ఎలా నడుస్తుంది? పాలిక్లినిక్‌లో మెడికల్ ఆఫీసరు చూస్తాడు, అవసరమైతే రిఫరల్ రాస్తాడు, ప్యానెల్లో ఉన్న ఆస్పత్రి చికిత్స చేసి బిల్లు పంపుతుంది. స్టెంటు వేయడానికి, మోకీలు మార్చడానికి ఈ పద్ధతి సరిపోతుంది. మనసుకు సరిపోదు, ఎందుకంటే రిఫరల్ రాయాలంటే ముందు ఎవరో ఒకరు అడగాలి. పాలిక్లినిక్ పోస్టుల జాబితాలో డాక్టర్లు, దంతవైద్యుడు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్ కనిపిస్తారు, సైకాలజిస్టు మామూలుగా కనిపించడు. రాజోలు దగ్గరి లంక ఊరి నుంచి కాకినాడ పాలిక్లినిక్‌కు వెళ్ళే మనిషి దినచర్య చూడండి. తెల్లవారుజామున బస్సెక్కి అమలాపురంలో మారి, ముమ్మిడివరం దాటి, ఎదుర్లంక వారధి మీదుగా యానాం, అక్కడి నుంచి కాకినాడ. పోనూ వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ. ప్లాస్టిక్ కవర్లో స్మార్ట్ కార్డు, పాత చీటీలు. వరసలో కూర్చుంటే తన వంతు వచ్చేసరికి పదకొండు దాటుతుంది. డాక్టరు బీపీ చూస్తాడు, షుగర్ మాత్రలు రాస్తాడు, బయట ఇంకా ముప్పై మంది ఉన్నారు. ఆ నాలుగు నిమిషాల్లో రాత్రుళ్ళు ఎవరో పిలుస్తున్నట్టుంటోందండీ అని చెప్పాలంటే ఎంత తెగువ కావాలి. చెప్పకుండానే మధ్యాహ్నం బస్సెక్కుతాడు. అక్కడి డాక్టరుది తప్పని కాదు. నాలుగు నిమిషాల వైద్యానికి కట్టిన వ్యవస్థ ముప్పావుగంట వైద్యం చేయలేదు.

ఈసీహెచ్ఎస్ తర్వాత రెండో తలుపు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం. 1982లో జాతీయ కార్యక్రమం వచ్చింది, బళ్ళారిలో నడిపిన నమూనాను పట్టుకుని 1996 నుంచి జిల్లాలకు విస్తరించారు. కాగితం మీద ఇది చక్కటి ఆలోచన. జిల్లాకో మానసిక వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, సామాజిక కార్యకర్త, నర్సులు, రోగుల నమోదుకు ఒక సహాయకుడు. జిల్లాకు ఏడాదికి గరిష్ఠంగా 83.20 లక్షలు, కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున. 2022 ఏప్రిల్ 4న ఏర్పడినప్పటి హద్దుల్లో, 2011 జనాభా లెక్కల ప్రకారం, కోనసీమ జిల్లాలో 17 లక్షల పైచిలుకు జనం. ఆ గరిష్ఠం పైసా తగ్గకుండా వచ్చినా తలకు ఐదు రూపాయలు లేదు. అమలాపురం గడియార స్తంభం దగ్గర సగం టీ కూడా రాదు. ఒకే జిల్లాలో ఒకే మనిషి పేర ఒక పద్దులో 13 వేలు, ఇంకో పద్దులో ఐదు రూపాయలు ఉన్నాయి. మనసు చూసే మనిషి ఐదు రూపాయల పద్దులో ఉన్నాడు. దేశంలో లక్ష జనాభాకు 0.75 మంది మానసిక వైద్యులే ఉన్నారని 2023లో పార్లమెంటు స్థాయీసంఘం నమోదు చేసింది, వాళ్ళలో ఎక్కువమంది నగరాల్లోనే ఉంటారు. ముదిరిన కేసు అయితే కోనసీమ కుటుంబానికి తెలిసిన దారి కాకినాడ పెద్దాసుపత్రి, అక్కడా కాకపోతే విశాఖ చినవాల్తేరు మానసిక ఆస్పత్రి. అమలాపురం నుంచి 200 కిలోమీటర్లు పైనే. చినవాల్తేరు అన్న మాట గోదావరి జిల్లాల్లో ఆస్పత్రి పేరుగా కాక తిట్టుగా వాడుకలో ఉండటం ఎంత దూరమో ఇంకోరకంగా చెబుతుంది.

ఫోన్లో మానసిక సలహా ఇచ్చే టెలి మానస్ ఉంది కదా అనేది రెండో అభ్యంతరం. 2022 అక్టోబరు 10న మొదలైన ఆ సేవకు 14416కు ఫోన్ చేస్తే చాలు, తెలుగులోనే మాట్లాడొచ్చు, పేరు చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో సైనికుల కోసం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. అర్ధరాత్రి అరుగు మీద కూర్చున్న మనిషికి ఆ నంబరు నిజంగా పనికొస్తుంది, ప్రతి సైనిక సంక్షేమ కార్యాలయం గోడ మీదా అది పెద్దక్షరాల్లో ఉండాలి. అయితే ఫోన్లో వినే మనిషి చివరకు చెప్పేది దగ్గర్లోని డాక్టరును కలవండి అనే. దగ్గర్లో ఎవరున్నారనేదే మన ప్రశ్న. మందు మొదలుపెట్టాక రెండు వారాలకు చేతులు వణుకుతున్నాయా, మాత్ర ఆపేశాడా, మళ్ళీ తాగుతున్నాడా అని చూసేది ఫోను కాదు. పైగా ఆ ఫోను మీదా ఉదారంగా లేరు. టెలి మానస్‌కు 2024-25లో 90 కోట్లు కేటాయిస్తే 2025-26లో అది 80 కోట్ల దరికి దిగింది.

స్థానిక నిధుల దగ్గరకు వచ్చేసరికి మన నాయకులు పిసినారులని అనడం అన్యాయం. 2025 మే 9న జమ్మూకశ్మీర్‌లో అమరుడైన శ్రీసత్యసాయి జిల్లా అగ్నివీర్ మురళీనాయక్ కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, ఐదెకరాల పొలం, ఇంటి స్థలం ప్రకటించింది. అదే నెలలో గ్రామ పంచాయతీల్లో సైనికుల ఇళ్ళకు ఆస్తి పన్ను మినహాయింపును ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అందరికీ వర్తింపజేశారు. అంతకు ముందు అది రిటైరైనవారికీ సరిహద్దుల్లో ఉన్నవారికీ పరిమితం. పెన్షన్ లేని 65 ఏళ్ళు దాటిన మాజీ సైనికులకు ఇచ్చే నెలసరి సాయాన్ని కేంద్రం 2025 నవంబరు నుంచి 4 వేలను 8 వేలు చేసింది. ఇవన్నీ మంచివే, ఇవన్నీ ఒకే రకానివి కూడా. ఇచ్చిన రోజున లెక్క ముగిసేవి, లేదా ఖాతాలో పడిపోయేవి. జీతం అలాంటిది కాదు, ప్రతినెలా గుర్తుంచుకోవాలి. ఎంపీల నియోజకవర్గ అభివృద్ధి నిధి, అంటే ఎంపీ ల్యాడ్స్ చూడండి, ఏడాదికి 5 కోట్లు, 1993 నుంచి ఉన్న పథకం. దాంతో సామాజిక భవనం కట్టొచ్చు, ఆస్పత్రికి యంత్రం కొనొచ్చు, అంబులెన్సు ఇవ్వొచ్చు. జీతాలూ నిర్వహణ ఖర్చులూ మాత్రం అందులో రావు. అంటే అమలాపురం ఏరియా ఆస్పత్రిలో మాజీ సైనికుల కౌన్సెలింగ్ గది అని బోర్డు పెట్టి ఏసీ వేయించగలరు, లోపల కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టలేరు. ఎదుర్లంక వారధికి లోక్‌సభ మాజీ స్పీకరు బాలయోగి పేరుంది, ఉండాల్సిందే, ఆ వారధి కోనసీమ బతుకునే మార్చింది. సైకాలజిస్టు పోస్టుకు ఏ నాయకుడి పేరూ పెట్టరు. శిలాఫలకం వేయడానికి చోటు లేని పనులు మన రాజకీయాల్లో వెనకబడిపోవడం మామూలే.

అయినా దారులు లేకపోలేదు, కోనసీమకు మిగతా జిల్లాల కన్నా ఒకటి ఎక్కువే ఉంది. ఇక్కడి నేల కింద గ్యాసుంది. రాజోలు పక్కన తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ నడుస్తోంది. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి, ఏయే పనులకు పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో మాజీ సైనికులు, యుద్ధ వితంతువులు, వారి మీద ఆధారపడినవారి మేలు కోసం చేసే పనులని ఒక అంశం విడిగా ఉంది. ఆరోగ్యమూ ఉంది. ఎంపీ ల్యాడ్స్‌లా ఇక్కడ గోడకూ మనిషికీ తేడా లేదు, ప్రాజెక్టులో భాగంగా జీతాలివ్వొచ్చు. బస్‌షెల్టర్లూ ఆర్వో ప్లాంట్లూ అడిగే ప్రజాప్రతినిధులు ఒక సైకాలజిస్టునూ ఇద్దరు సామాజిక కార్యకర్తలనూ ఎందుకడగకూడదు? చిక్కు ఒకటుంది, ఒప్పుకోవాలి. 2021 నిబంధనల ప్రకారం అలాంటి కొనసాగే ప్రాజెక్టు మొదలైన ఏడాది కాక మూడేళ్ళకు మించదు. కాబట్టి అది వంతెనలా పనికొస్తుంది గానీ ఇల్లు కాదు. ఆ మూడేళ్ళలో పోస్టులను జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలోకి తెచ్చుకోవాలి. దానికి వేదికా ఉంది. కేంద్ర పథకాల అమలును సమీక్షించే దిశ కమిటీకి ఎంపీయే అధ్యక్షుడు, ఇప్పుడు అమలాపురానికి ఆ బాధ్యత జి.ఎం. హరీష్ మాధుర్‌ది. జిల్లా సైనిక బోర్డుకు కలెక్టరు అధ్యక్షుడు. కోనసీమ పేరున మానసిక ఆరోగ్య పద్దు కింద ఎంత వచ్చింది, ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని నిండాయి అన్న మూడు ప్రశ్నలకు దిశ సమావేశంలో జవాబు రాబట్టి, దాన్నే ప్రగతి నివేదికలో అచ్చువేస్తే అది ఇంతవరకూ ఎవరూ వేయని పేజీ అవుతుంది.

చట్టం కూడా చేతికి ఒక ఆయుధం ఇచ్చింది, ఎవరూ ఎత్తడం లేదు. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రతి మనిషికీ ప్రభుత్వ ఖర్చుతో మానసిక వైద్యం పొందే హక్కు ఇచ్చింది. కనీస సేవలు జిల్లాలో ప్రభుత్వం వైపు నుంచి లేకపోతే, జిల్లాలోని మరోచోట చికిత్స చేయించుకోవచ్చనీ ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలనీ అందులో ఉంది. అమలాపురంలోనే ప్రైవేటు వైద్య కళాశాల ఒకటుంది. ఆ కళాశాల మానసిక వైద్య విభాగాన్ని ప్రభుత్వ ఖర్చుతో వాడుకోవడానికి జిల్లా యంత్రాంగం ఒక ఒప్పందం రాసుకుంటే కాకినాడ బస్సు తప్పుతుంది. స్థిరపడ్డ రోగికి నెలనెలా మాత్రలు అందించడానికి 104 వాహనాలున్నాయి, బీపీ, షుగర్ మందులతో అవి ఎలాగూ ఊళ్ళకు వెళుతున్నాయి. ఇక మనిషిని కనిపెట్టడం ఎలా? మాజీ సైనికుడు ఏడాదికోసారి రక్షణ పెన్షన్ల పోర్టల్ స్పర్శ్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, లేకపోతే పెన్షన్ ఆగిపోతుంది. ఎక్కువమంది నవంబరులో కామన్ సర్వీస్ సెంటరుకు వెళ్ళి వేలిముద్ర వేస్తారు. బతికే ఉన్నానని వేలితో చెప్పిన మనిషిని, ఎలా ఉంటున్నారండీ, నిద్ర పడుతోందా అని అడిగే ఆశా కార్యకర్త ఆ నెలలో ఆ పక్కనే కూర్చుంటే ఖర్చు ఎంత?

రైతుకు లేని, మత్స్యకారుడికి లేని ప్రత్యేక వైద్యం మాజీ సైనికుడికి ఎందుకు అనేది అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. 1996 నవంబరు 6 నాటి తుపానులో ఇళ్ళకిళ్ళు పోగొట్టుకున్న తీరగ్రామాలను ఎవరు కూర్చోబెట్టి మాట్లాడారు? 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపు పేలి కళ్ళముందు మనుషులు కాలిపోతుంటే చూసిన పిల్లలకు ఏ సైకాలజిస్టు దొరికాడు? ఈ ప్రశ్నలకు సమాధానం లేదు, దబాయించి ప్రయోజనమూ లేదు. అందుకే అమలాపురంలో కూర్చునే మనిషి మాజీ సైనికులకే పరిమితం కాకూడదని నేను అంటున్నది. మాజీ సైనికుల పేరుతో మొదలుపెట్టడానికి కారణం వాళ్ళు గొప్పవారని కాదు, వాళ్ళ వెనక ఒక పద్దూ, ఒక రిజిస్టరూ, ఒక బోర్డూ ఉన్నాయని. ఈసీహెచ్ఎస్ ప్యానెల్లోకి అమలాపురం మానసిక వైద్య విభాగం వస్తే అక్కడి డాక్టరు సమయానికి ఒక నికర ఆదాయం వస్తుంది, అదే గదిలో మధ్యాహ్నం నుంచి ఊరివాళ్ళను చూడొచ్చు. ఉమ్మడి తలుపు పెట్టడంలో ఇంకో సుఖం ఉంది. మిలిటరీ పిచ్చి డాక్టరు అని పేరు పడితే కూతురి పెళ్ళి సంబంధాలకు భయపడి ఎవరూ ఆ గుమ్మం తొక్కరు. బీపీ ఓపీ పక్కన ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు.

ఈసీహెచ్ఎస్‌నే బలపరిస్తే చాలదా అని ఇంకా అనుకునేవారు 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ నిబంధనలు చదవాలి. నాలుగేళ్ళు చేసినవారిలో నలుగురికి ఒకరినే సైన్యం ఉంచుకుంటుంది. మిగతా ముగ్గురు 11.71 లక్షల సేవానిధితో ఇంటికొస్తారు. పెన్షన్ లేదు, క్యాంటీన్ లేదు, ఈసీహెచ్ఎస్ కార్డు లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. 2023 జనవరి ప్రాంతంలో శిక్షణకు వెళ్ళిన మొదటి జట్టుకు నాలుగేళ్ళు నిండేది 2027 మొదట్లో. అప్పటికి ఆ కుర్రాడు ఇంకా ఇరవైల్లోనే ఉంటాడు. కొత్తపేట బస్టాండులో దిగి ట్రంకు పెట్టె భుజానికెత్తుకున్న రోజున సైనిక సంక్షేమ కార్యాలయం రిజిస్టరులో అతని పేరు రాయడానికి గడి ఉండదు. నిద్ర పట్టకపోతే అతను వెళ్ళగలిగింది తలకు ఐదు రూపాయల పద్దు మీద నడిచే గది ఒక్కటే. ఆ గదిలో కుర్చీ నిండి ఉందో ఖాళీగా ఉందో అమలాపురంలో జరగబోయే తర్వాతి దిశ సమావేశంలో అడిగి తెలుసుకోవచ్చు.